మైనారిటీ ఎప్పుడు తీరుతుంది?

పద్దెనిమిదవ శతాబ్దపు ఐరోపాలో పుట్టిన ఆలోచనల వెల్లువకు మన పాఠ్యపుస్తకాలు 'జ్ఞానోదయ యుగం' అని పేరు పెట్టాయి. పేరు చెడ్డది కాదు. అయితే తెలుగువాడికి ఆ మాట వినగానే బోధివృక్షమూ, దాని నీడన కూర్చున్న తథాగతుడూ స్ఫురిస్తారు. ఆ ఉదయానికి దేశభేదం లేదు, అస్తమయం లేదు. ఐరోపావారి ఉదయం అటువంటిది కాదు. లండనులో తెల్లవారిన వేళకు గుంటూరులో అర్ధరాత్రిగానే ఉండేది. ఉండడమే కాదు, అది అర్ధరాత్రిగానే ఎందుకు ఉండాలో లండనువారు చక్కని తర్కంతో నిరూపించేవారు కూడా. ఆ తర్కంతోనే నా పేచీ.

ఈ విషయంలో మనవారు రెండు జట్లుగా చీలి ఉన్నారు. ఇంగ్లీషువాడు రాకపోతే మనకు ప్రజాస్వామ్యం ఎక్కడిది, చట్టం ముందు అందరూ సమానులన్న మాట ఎక్కడిది, రాజుగారి గుర్రానికి గడ్డి కోస్తూ ఉండేవాళ్లం కదా అని మొదటి జట్టు. స్వేచ్ఛ, సమానత్వం, హేతువు అన్నవి దోపిడీదారుడు మెడలో వేసుకున్న రుద్రాక్షలు, వాటిని తెంచి పారేస్తే గాని మన బుద్ధికి పట్టిన దాస్యం వదలదు, ప్రజాస్వామ్యం మనకు వేదకాలం నాటినుంచీ ఉన్నదే అని రెండవ జట్టు. రెండు జట్లలోనూ నాకు మిత్రులున్నారు. రెండు జట్లవారూ ఒకే ప్రశ్నను దాటవేస్తారు. మనుషులందరూ స్వతంత్రులు, సమానులు అని ఎలుగెత్తి చాటినవారే సముద్రాల అవతలి జనాన్ని కొరడాతో ఏలడానికి తమ సిద్ధాంతంలో సందు ఎక్కడ పెట్టుకున్నారు? ఆ సందును మూసినది ఎవరు?

ఆ సందు పేరు మైనారిటీ. ఈనాడు మతాల లెక్కలలో వాడే మాట కాదు సుమా. కోర్టు దస్తావేజులలో 'మైనారిటీ తీరిన పిమ్మట' అని వ్రాస్తారే, ఆ మైనారిటీ.

ఈ మాట నేను కల్పించినది కాదు. జర్మను తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1784లో ఒక బెర్లిను మాసపత్రికలో 'జ్ఞానోదయం అంటే ఏమిటి?' అన్న ప్రశ్నకు సమాధానం వ్రాశాడు. ఆయన వాడిన పదం న్యాయశాస్త్ర పరిభాష నుంచి తెచ్చినదే. ఇంకొకరు దారి చూపకపోతే తన బుద్ధిని తాను వాడుకోలేని స్థితి మైనరుతనం. అందులో నుంచి బయటపడడం జ్ఞానోదయం. గార్డియన్ల మీద ఆయన ఎత్తిపొడుపు చూడదగినది. వారు ముందు తమ పశువులను మందబుద్ధులను చేస్తారట, నడకబండి వదిలి ఒక్క అడుగు వేయనీయకుండా కాపలా కాస్తారట, అటుపైన ఒంటరిగా నడిస్తే ఎంత ప్రమాదమో వర్ణించి చెబుతారట. ఇంత తెలిసినవాడే, రాజ్యాంగం దగ్గరికి వచ్చేసరికి ఇంటి సేవకులకూ కూలికి పనిచేసేవారికీ స్త్రీలకూ ఓటు లేదన్నాడు. ఇంకొకరి మీద ఆధారపడి బ్రతికేవారికి స్వబుద్ధి ఉండదని ఆయన హేతువు. ఇల్లు దాటకుండానే మైనర్ల జాబితా తయారయిందన్నమాట.

ఇంగ్లీషువారి లాక్ మహాశయుడి సంగతి ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. శ్రమించి సాగుచేసినవాడిదే భూమి అని ఆయన చెప్పిన న్యాయం అమెరికా ఆదివాసులకు చేరేసరికి వారి అడవులన్నీ ఎవరివీ కాని భూములయ్యాయి; ప్రభుత్వానికి ప్రజల సమ్మతే మూలమని వ్రాసిన ఆ చేయి, ఆఫ్రికావారిని బానిసలుగా అమ్మిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటా కూడా కొన్నది.

అందరూ అట్లా లేరు. ఆ కాంటే 1795 నాటికి, ఐరోపావారు వర్తకం మిషతో హిందూస్థానంలోకి సైన్యాలను దించి యుద్ధాలూ కరువులూ తెచ్చిపెట్టారని తీవ్రంగా నిందించాడు. ఫ్రాన్సులో దిదెరో అంతకంటె గట్టిగా తిట్టాడు. బర్కు ఏడేళ్లపాటు, 1788 నుంచి 1795 దాకా, వారన్ హేస్టింగ్సును పార్లమెంటు బోనులో నిలబెట్టాడు. హేస్టింగ్సు నిర్దోషిగా ఇంటికి వెళ్ళాడనుకోండి. కనుక 'ఆ ఆలోచనలన్నీ పుట్టుకతోనే విషం' అనే రెండవ జట్టువారి మాట నిలవదు. అయినా కంపెనీవారు ఉద్యోగాలిచ్చింది వీరికి కాదు. ఎవరికిచ్చారో చూద్దాం.

జేమ్స్ మిల్లు 1817లో బ్రిటిషు ఇండియా చరిత్ర వ్రాశాడు. ఈ దేశం మొగం చూడలేదు; ఈ దేశపు భాష ఒక్కటీ రాదు. అది కొరత కాదు, నిష్పక్షపాతానికి తోడ్పడే గుణమని పీఠికలో సమర్థించుకున్నాడు! తెలుగు ఒక్క అక్షరం రాకుండా ఎవరైనా భారతానికి వ్యాఖ్యానం వ్రాసి, రాకపోవడం వల్లనే బాగా వ్రాశానంటే మనం ఏమంటాం? కంపెనీవారు 1819లో ఆయనకు ఉద్యోగమిచ్చారు. దొరలుగా రాబోయే కుర్రవాళ్లు హెయిలీబరీ కళాశాలలో ఆ చరిత్రే చదివి ఓడ ఎక్కారు. ఆ మిల్లే 1820లో ప్రభుత్వాన్ని గురించి ఒక వ్యాసం వ్రాసి, అధికారం చేతికి చిక్కినవాడు దాన్ని తప్పక తన లాభానికే వాడుకుంటాడు, వాడిని అదుపులో పెట్టగలిగేది జనం ఎన్నుకున్న సభ ఒక్కటే అని తేల్చాడు. మానవ స్వభావం ఎక్కడైనా ఒకటే కదా. ఆ సూత్రం కలెక్టరు దొరకు కూడా వర్తించాలి కదా? వర్తించలేదు. 1833 జులై 10న మెకాలే కామన్స్ సభలో ఆ సంగతే చెప్పాడు. ఇంగ్లండులో ప్రజాప్రభుత్వాన్ని అంత గట్టిగా కోరే మిల్లుగారినే, ఇండియాలో ప్రాతినిధ్య ప్రభుత్వం పనికివస్తుందా అని పార్లమెంటు సంఘం అడిగితే ప్రసక్తే లేదన్నాడని సాక్ష్యంగా ఉదహరించాడు. సభ్యులకు ఇందులో వైరుధ్యం కనిపించినట్లు లేదు. వారి మైనర్ల పట్టికలో మనం చేరిపోయి అప్పటికే చాలా ఏళ్లయింది.

ఆ వేళ గుంటూరు సీమలో ఏం జరుగుతున్నదో కాస్త చూడండి. 1832-33 నందన కరువులో అక్కడ సుమారు అయిదు లక్షల జనంలో లక్షన్నరకు పైగా చనిపోయారని లెక్కలు కట్టారు. మైనరు తిండిలేక చచ్చిపోతూ ఉండగా వాడి ఆస్తిని ఇంకొక ఇరవై ఏళ్లు తామే చూసుకోవాలని సీమలో గార్డియన్లు చర్చించుకుంటున్నారు. 1833 చార్టరు చట్టం అంటే అదే.

గార్డియను అన్నది ఇక్కడ అలంకారం కాదు. మద్రాసులో 1804 ఐదవ రెగ్యులేషను ప్రకారం కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అనే ఏర్పాటు వచ్చింది. జమీందారు చనిపోయి వారసుడు పసివాడైతే ఎస్టేటును సర్కారు తన చేతిలోకి తీసుకొని నడిపేది. మన పిఠాపురం సంస్థానం అట్లా కొన్నేళ్లు నడిచినదే. ఆ ఏర్పాటులో లోపాలు ఉండవచ్చు గాని ఒక న్యాయం ఉంది. పసివాడికి మైనారిటీ తీరే తేదీ కాగితం మీద ఉండేది. ఆ రోజు వచ్చాక తాళాలు అప్పగించవలసిందే. 'అబ్బాయికి ఇంకా బుద్ధి రాలేదు, ఇంకొక వందేళ్లు చూద్దాం' అనడానికి లేదు. దేశం విషయంలో ఆ తేదీ వేసినవారు లేరు.

మన్రో దొర మాట వినండి. ఆయన మీద నాకు గౌరవమే. దత్తమండలాలలో 1800 నుంచి 1807 దాకా ఊరూరూ తిరిగి శిస్తులు నిర్ణయించినవాడు, జనం భాషలో మాట్లాడినవాడు, 1827లో కలరా సోకి పత్తికొండలో కన్నుమూసినవాడు. రాయలసీమలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారంటే ఊరికే కాదు. అంతటివాడు గవర్నరు హోదాలో 1824 డిసెంబరు 31న వ్రాసిన మినిట్‌లో, ఈ దేశీయులు భావికాలంలో ఏనాడో తమ మూఢనమ్మకాలు చాలామట్టుకు వదిలి, తమ ప్రభుత్వం తాము నిర్మించుకోగల జ్ఞానం పొందేవరకు మనం ఇక్కడ ఉండాలి అన్నాడు. ఉద్దేశం మంచిదే. వ్యాకరణం చూడండి: 'ఏనాడో'. కాలవాచకమే గాని కాలం చెప్పదు. ఋణపత్రంలో 'ఏనాడో తీర్చగలను' అని వ్రాస్తే ఏ షావుకారైనా ఒప్పుకుంటాడా? మనవాళ్లు ఒప్పుకోవాలన్నారు.

ఇక జ్ఞానం పొందడానికి ఏం చేశారు? ఆ మన్రోయే 1822లో జిల్లాల్లో బడులెన్ని ఉన్నాయో లెక్క తీయమన్నాడు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక తెలుగువారందరూ చదవవలసినది. తెలుగుకు వ్యాకరణం వ్రాసిన క్యాంబెలే ఈయన. జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకు; బడులు 533; చదివేవారు 6,641 మంది. వేయికి సుమారు ఏడుగురే. ఒకప్పుడు బడులున్న ఎన్నో ఊళ్లలో ఇప్పుడు లేవని, దేశం క్రమంగా బీదపడడమే అందుకు కారణమని ఆయనే వ్రాశాడు. శిస్తు పోను రైతు చేతిలో మిగిలేది బిడ్డను బడికి పంపడానికి చాలదు. ముందు బడి మూయించి, తరువాత చదువు లేదు గనుక అర్హత లేదనడం కాంటు చెప్పిన పశువుల కథ కాదా?

రెండవ జట్టు మిత్రులు ఇక్కడ చప్పట్లు కొట్టబోతారు. ఆగండి. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు అరవై మంది. జిల్లా మొత్తానికి అరవై! మన స్వర్ణయుగం సగం జనాన్ని మైనర్లుగానే ఉంచిందని దొర వచ్చి చెప్పనక్కరలేదు, ఆ లెక్కే చెబుతున్నది. పనిలో పనిగా ఇంకొకటి. మెకాలే 1835 ఫిబ్రవరి 2న బ్రిటిషు పార్లమెంటులో, ఈ దేశమంతా తిరిగాను, ఒక్క బిచ్చగాడు కనబడలేదు, వీరి సంస్కృతి వెన్ను విరవాలి అని ప్రసంగించాడంటూ ఒక కాగితం ఊళ్ల మీద తిరుగుతున్నది. బడి వార్షికోత్సవాలలో కూడా చదువుతారు. ఆ రోజున మెకాలే కలకత్తాలో ఉన్నాడు. ఆ తేదీన ఆయన వ్రాసినది విద్య మీద మినిట్. అందులో ఆ మాటలు లేవు. తనకు సంస్కృతమూ అరబ్బీ రావని ఒప్పుకుంటూనే ఆ భాషల వాఙ్మయమంతా ఐరోపా గ్రంథాలయంలో ఒక్క అర పాటి చేయదన్నాడు. ఆయనను తప్పుపట్టడానికి ఈ అసలు మాట చాలదా? దొంగసాక్ష్యంతో గెలిచిన వ్యాజ్యం అప్పీలులో పోతుంది.

ఇక జాన్ స్టూవర్ట్ మిల్లు. ఈయన సంగతి కొంచెం తీరికగా చెప్పాలి. జేమ్స్ మిల్లు కొడుకు. పదిహేడేళ్ల వయసులో, 1823లో, తండ్రి పనిచేసే కంపెనీ కచేరీలోనే చేరి, కంపెనీ రద్దయిన 1858 దాకా ముప్పయి అయిదేళ్లు అక్కడే పనిచేశాడు. ఇండియాకు పోవలసిన ఉత్తరువుల చిత్తులు వ్రాయడం ఆయన ఉద్యోగం. ఈయన కూడా ఇక్కడికి రాలేదు. కంపెనీ కొలువు ముగిసిన మరుసటి సంవత్సరమే, 1859లో, 'ఆన్ లిబర్టీ' ప్రచురించాడు. వ్యక్తి స్వేచ్ఛను గురించి అంతకంటె గొప్ప పుస్తకం ఆ శతాబ్దంలో రాలేదని నేనూ ఒప్పుకుంటాను. స్త్రీలకు ఓటు కావాలని 1867లో పార్లమెంటులో నిలబడి అడిగినవాడాయన. అటువంటి మనిషి ఆ పుస్తకం తొలి అధ్యాయంలోనే, ఈ స్వేచ్ఛ బుద్ధి పక్వమైన వయోజనులకే అని ఒక గీత గీశాడు. పిల్లలకు వర్తించదు. తరువాతి వాక్యాలలో, జాతి మొత్తం పసితనంలో ఉన్న వెనుకబడిన సమాజాలకూ వర్తించదు. అటువంటివారిని ఏలడానికి, వారిని బాగుపరచడమే ఉద్దేశమైతే, నిరంకుశత్వం న్యాయమైన పద్ధతే అన్నాడు.

బాగుపరచడం ఎంత జరిగిందో చూసేది ఎవరు? నిరంకుశుడే. తండ్రి మిల్లు 1820లో చెప్పిన సూత్రం ప్రకారం అది అసాధ్యమని కొడుకుకు తోచలేదంటే నేను నమ్మను. అంత పదునైన బుద్ధి ఒక్క వాక్యం దగ్గర మొద్దుబారిందంటే, ఆ వాక్యం మీద ముప్పయి అయిదేళ్ల జీతం కూర్చుని ఉన్నదని అనుకోవలసి వస్తుంది.

ఆ కాలంలోనే మద్రాసులో ఒక తెలుగు వర్తకుడు ఇదే తర్కాన్ని తిరగేసి పట్టుకున్నాడు. గాజుల లక్ష్మీనరసు శెట్టి. 1844లో 'క్రెసెంట్' పత్రిక పెట్టి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, కంపెనీ పాలన తీరు మీద పార్లమెంటుకు మహజరు పంపాడు. శిస్తు వసూలుకు రైతులను హింసిస్తున్నారన్నది అందులో ముఖ్యమైన ఆరోపణ. డాన్బీ సేమోర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో వస్తే ఆయనను జిల్లాలకు వెంటబెట్టుకొని వెళ్ళి రైతుల చేతనే చెప్పించాడు. సభలో గొడవ జరిగి విచారణ సంఘం వేశారు. 1855లో ఆ సంఘమే హింస నిజమని ఒప్పుకున్నది. చెక్కల మధ్య వేళ్లు పెట్టి నొక్కే 'కిట్టి', మెడనూ కాళ్లనూ తాడుతో బిగించి మనిషిని వంచి ఎండలో ఉంచడం, ఇవన్నీ ఆ నివేదికలో నమోదయ్యాయి. నేరమంతా క్రింది నేటివు ఉద్యోగులది, దొరలకు తెలియదు అని తీర్పు చెప్పారనుకోండి. అది వేరే సంగతి. లండనులో చిన్న మిల్లు కంపెనీ చిత్తులు దిద్దుతున్న రోజులవే ఇవన్నీ.

లక్ష్మీనరసు శెట్టి చేసిన పని ఏమిటో గ్రహించాలి. ఆయన 'మీ సూత్రాలు మాకు వద్దు' అనలేదు. 'మాకు జ్ఞానం వచ్చేదాకా ఆగుతాము' అనీ అనలేదు. పన్ను కట్టేవాడికి ప్రశ్నించే హక్కు ఉంటుందన్న మీ మాట నిజమైతే ఇదిగో మా ప్రశ్న అన్నాడు. మైనరు తన మైనారిటీ తానే తీర్చుకొని కోర్టుకెక్కాడు. అంతకుముందు హైతీ దీవిలో బానిసలు చేసినదీ ఇదే, రక్తం ధారపోసి చేశారు. మనుషులందరూ సమానులని 1789లో పారిసు ప్రకటిస్తే, 1791లో తిరగబడి, 1804 జనవరి 1న స్వతంత్రులయ్యారు. పారిసు తన మాట తాను నమ్మలేదు, వారు నమ్మారు. 1825లో ఫ్రాన్సు ఆ స్వాతంత్ర్యానికి పదిహేను కోట్ల ఫ్రాంకుల వెల కట్టి వసూలు చేయబూనింది. మైనారిటీ తీరినందుకు గార్డియనుకు పరిహారం!

కనుక మొదటి జట్టువారు 'ఇంగ్లీషువాడు ఇచ్చాడు' అంటే నాకు నవ్వు వస్తుంది. ఇచ్చినది ఏది? 1917 ఆగస్టు 20 నాటి ప్రకటనలో బాధ్యతాయుత ప్రభుత్వం అంచెలంచెలుగా వస్తుందన్నారు. దాని వెంట వచ్చిన 1919 చట్టం పీఠికలో ఏ అంచె ఎప్పుడో, ఎంతో నిర్ణయించేది తామేనని వ్రాసుకున్నారు. మళ్ళీ 'ఏనాడో'. పరీక్ష పెట్టడానికి 1928లో ఏడుగురు వచ్చారు సైమను నాయకత్వాన. ఏడుగురిలో మనవాడు ఒక్కడూ లేడు. ప్రకాశం పంతులుగారు మద్రాసులో తుపాకికి గుండె చూపినది ఆ పరీక్షాధికారులు వచ్చినప్పుడే. 1935 చట్టం కింద కూడా ఆస్తి, పన్ను, చదువు చూసి మూడు కోట్ల పైచిలుకు మందికి ఓటిచ్చారు. మిగిలినవారు పెద్దవాళ్లయినా పసివాళ్లే.

సైమను సంఘానికి ఇచ్చిన నివేదికలో అంబేద్కరు వయోజనులందరికీ ఓటు కోరాడు. అక్షరజ్ఞానం అర్హతగా పెట్టేవారు రెండు పొరపాట్లు చేస్తున్నారన్నాడు: చదువురానివాడు తెలివిలేనివాడనుకోవడం ఒకటి, చదువు వస్తే తెలివి దానంతటదే పెరుగుతుందనుకోవడం రెండు. విదేశాలలో అంత చదువు చదివి వచ్చినవాడు ఆ మాట అనడంలో ఉన్న బరువు వేరు. 1950లో మన రాజ్యాంగం 326వ అధికరణంలో ఆ మాటే నిలిచింది. నూటికి పద్దెనిమిది మందికే అక్షరాలు వచ్చిన దేశంలో, 1951-52లో, పదిహేడు కోట్ల పైచిలుకు ఓటర్లతో ఎన్నికలు జరిగాయి. ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ అభ్యర్థికొక పెట్టె, పెట్టెకొక గుర్తు పెట్టించాడు. తమ పేరు చెప్పక 'ఫలానావారి భార్యను' అని వ్రాయించిన ఇరవై ఎనిమిది లక్షల మంది స్త్రీల పేర్లు జాబితా నుంచి తీసేయవలసి వచ్చింది. మరుసటి ఎన్నికలకు పేర్లు చెప్పారు. చదవడం, వ్రాయడం, లెక్క చేయడం రానివాడికి ఓటు ఉండకూడదని 1861లో మిల్లు వ్రాసిన దానికి ఇంతకంటె పెద్ద ఖండన గ్రంథం ప్రపంచంలో లేదు. అది మనం వ్రాసినది. ఇంగ్లీషువాడు ఇచ్చినదీ కాదు, వేదకాలం నాటిదీ కాదు.

వేదకాలం వారు ఉత్తరమేరూరు శాసనం చూపిస్తారు. చూపించవలసినదే, పదవ శతాబ్దపు తొలి రోజులలో, చోళ పరాంతకుని కాలంలో, కుండలో తాటాకు చీట్లు వేసి గ్రామసభ వారియాలకు సభ్యులను ఎంచుకున్నారు. అర్హతలు కూడా ఆ శాసనంలోనే చదవండి. పన్ను కట్టే సొంత భూమి ఉండాలి, సొంత ఇల్లుండాలి, ముప్పయి అయిదేళ్లు నిండాలి, వేదం వచ్చి ఉండాలి. అది బ్రాహ్మణ అగ్రహారపు సభ. మిల్లుగారు చూసి ఉంటే మెచ్చుకొనేవారు. రెండు జట్లవారి పూర్వులూ ఒకే గుమ్మం దగ్గర ఒకే ప్రశ్న అడుగుతూ నిలబడ్డారు: నీకేం చదువు వచ్చు?

ఆ ప్రశ్న ఇప్పటికీ పోలేదు. 2014 చివర రాజస్థాన్‌లో, 2015లో హర్యానాలో పంచాయతీ ఎన్నికలలో పోటీకి చదువు అర్హతలు పెట్టారు. హర్యానాలో సాధారణంగా పదో తరగతి. స్త్రీలకూ దళితులకూ కొంత తగ్గింపు. సుప్రీంకోర్టు 2015 డిసెంబరులో ఆ చట్టం చెల్లుతుందన్నది. మంచిచెడ్డల విచక్షణ మనిషికి చదువు వల్లనే కలుగుతుందని ఆ తీర్పులో అన్నారు. నలభై ఏళ్ల కిందట ఆ ఊళ్లో బడి పెట్టనిది సర్కారు. బడికి పోనందుకు అనర్హురాలయినది ఆ ఊరి ఆడమనిషి. బళ్లారి కథకూ దీనికీ తేడా ఏమిటి? రాజస్థాన్ 2019లో ఆ నిబంధనను తీసివేసింది. హర్యానా తీయలేదు.

చదువు చెప్పి బ్రతికినవాడిని, చదువును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఉపాధ్యాయుడిగా ఎన్నికల విధులకు చాలాసార్లు వెళ్ళాను. కాగితపు బ్యాలెట్ల రోజులలో ఒక పల్లెలో, వేలిముద్ర వేసిన ముసలమ్మ ఒకామె కాగితం చేతికివ్వగానే, "మడత ఎటు పెట్టాలి పంతులూ? సిరా అవతలి గుర్తుకు అంటుకుంటే నా ఓటు పోదూ?" అని అడిగింది. ఇటు చూడండి. 2021లో తెలంగాణ శాసనమండలికి పట్టభద్రుల నియోజకవర్గాలు రెండింటికి ఎన్నికలు జరిగితే, ఒక్కొక్కదానిలో ఇరవై వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేయడమే అక్కడ పని. వేసినవారందరూ డిగ్రీ ఉన్నవారే.

పట్టభద్రుల నియోజకవర్గం అంటే ఏమిటో మొదటి జట్టువారిని అడగాలని నాకు చాలాకాలంగా కోరిక. చదువుకున్నవారికి ఒకటి కంటె ఎక్కువ ఓట్లుండాలన్నది మిల్లు 1861లో చేసిన ప్రతిపాదన. బ్రిటను విశ్వవిద్యాలయ పట్టభద్రుల ప్రత్యేక స్థానాలను 1948 చట్టంతో ఎత్తివేసింది. ఆయన ఇంటి నుంచి వెళ్ళగొట్టిన దాన్ని మనం 1950లో 171వ అధికరణంలో పెట్టుకున్నాం: శాసనమండలిలో పన్నెండవ వంతు పట్టభద్రులు ఎన్నుకొనేవారు, ఇంకొక పన్నెండవ వంతు ఉపాధ్యాయులు ఎన్నుకొనేవారు. ఆంధ్రప్రదేశ్‌లో అయిదూ అయిదు, తెలంగాణలో మూడూ మూడు స్థానాలు. నావంటి పండితుడికి ఉద్యోగంలో ఉండగా, మండలి ఉన్న కాలంలో, మూడు ఓట్లు. మా బడి గంట కొట్టే మనిషికి ఒక్కటి. వేలిముద్రకూ సంతకానికీ విలువ ఒకటేనని చాటిన రాజ్యాంగంలోనే ఈ అధికరణం ఉన్నది.

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2020 జనవరిలో మండలిని రద్దు చేయమని తీర్మానించి, 2021 నవంబరులో దాన్ని వెనక్కి తీసుకున్నది. ఆ రెండుసార్లూ ఎవరి పార్టీకి ఎంత బలం అన్న చర్చ వినబడింది గాని, పట్టభద్రుడికి రెండో ఓటు ఎందుకన్న ప్రశ్న నా చెవిన పడలేదు. పత్రికలలో నా తోటి పండితులు కూడా వ్రాయలేదు. వారికీ అది గౌరవంగానే తోచింది కాబోలు.

ఈ జాబితాను ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ మొదటి నుంచి కొత్తగా తయారుచేస్తారు. పద్దెనిమిదో నంబరు ఫారం నింపి, డిగ్రీ నకలు జతపరచి ఇవ్వాలి. క్రితంసారి ఒక పార్టీ కుర్రవాడు ఫారాల కట్ట పట్టుకొని మా వీధికి వచ్చాడు. ఎదురింటి అరుగు ముందు ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషిని దాటుకొని వచ్చి, "మాస్టారూ, మీ డిగ్రీ జెరాక్సు ఒకటి ఇప్పించండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. ఫారం తీసుకొని చూసి తిరిగి ఇచ్చాను. నాకు ఓటు ఉన్నది, ఆ బండాయన పేరున్న జాబితాలోనే ఉన్నది అన్నాను. కుర్రవాడికి అర్థం కాలేదు. పక్కింటి లెక్చరరుగారి గేటు తీసుకొని లోపలికి వెళ్ళాడు.